కడసీల ఉన్న బండి



ఈ నెల శీర్షికకు సముద్రపు ఒడ్డున ఉన్న ఒక పాలెం నుండి ఒక తల్లి ఉత్తరం రాశారు. పేరు, ఊరు వేయవద్దని కోరారు కాబట్టి వేయడం లేదు. ఆమె భర్త ప్రభువునందు నిద్రించి నాలుగేళ్ళయింది. ఒక్కడే కొడుకు, ఇరవై రెండేళ్ళవాడు. ఐ.టి.ఐ.లో వెల్డర్ ట్రేడు చదివి, హైవే పక్కన ఒక షాపులో పని చేస్తున్నాడు. తాగుడు లేదు, తిరుగుళ్ళు లేవు, ఆదివారం ఆరాధన మానడు. అయితే రాత్రిళ్ళు ఇంటి వెనుక రేకుల షెడ్డులో పాత నట్లు, బోల్టులు, సైకిలు చెయిన్లు అతికించి ఒక సింహము, ఒక పీత, గొడుగు పట్టుకున్న ఒక కప్ప చేశాడట. “ఇంట్లో బొమ్మలు పెట్టుకున్నారు, ఇది విగ్రహారాధన కాదా?” అని ఇరుగుపొరుగు విశ్వాసులు కొందరు అంటున్నారు. ఇప్పుడు అబ్బాయి మనసు స్పోర్ట్స్ కారు మీదికి మళ్ళింది. పాత మారుతి ఇంజను కొని, ఇనుప పైపులతో తానే బాడీ కట్టి, నేలను రాసుకుంటూ పోయే ఎర్ర కారు ఒకటి చేస్తానంటున్నాడు. అందుకు అమ్మ చెవికమ్మలు కుదువ పెట్టమంటున్నాడు.

“అయ్యగారూ, బొమ్మలు చేయడం పాపమా? ఆ పని మానిపిస్తే నా బిడ్డ తెలివిని నేనే చంపినదాన్ని అవుతానా? కమ్మలు ఇవ్వనా, వద్దా?” ఇవీ ఆమె అడిగిన మూడు ప్రశ్నలు.

ఇది ఒక్క ఇంటి సంగతి కాదు. చేతిలో పనితనమూ, కంటిలో కలలూ ఉన్న పిల్లలు మన సంఘములలో చాలామంది ఉన్నారు. వారిని చూసి భయపడే తల్లిదండ్రులు అంతకంటే ఎక్కువమంది ఉన్నారు. కాబట్టి ఈ జవాబు అందరి కోసము.

మొదటి ప్రశ్న చూద్దాము. పరిశుద్ధ గ్రంథములో లోహపు పనికి తక్కువ స్థానము లేదు. ఆదికాండము 4వ అధ్యాయములోనే ఇత్తడి, ఇనుప పనిముట్లు చేసిన తూబల్కయీను కనబడతాడు. నిర్గమకాండము 31వ అధ్యాయములో బెసలేలు అనేవానిని దేవుడు పేరు పెట్టి పిలిచి, తన ఆత్మతో నింపాడు. ఎందుకు? ప్రసంగించడానికి కాదు, యుద్ధము చేయడానికి కాదు. బంగారముతో, వెండితో, ఇత్తడితో పని చేయడానికి. మనము ఆత్మ నింపుదల అనగానే ప్రార్థన కూటమే తలచుకుంటాము. దేవుడు ఒక పనివాని చేతులను కూడా తలచుకున్నాడు.

సొలొమోను మందిరము సంగతి ఇంకా ఆశ్చర్యము. మొదటి రాజులు 7వ అధ్యాయము ఇంటిల్లిపాది కలిసి ఒకసారి చదవండి. తూరు నుండి హీరాము అనే ఇత్తడి పనివాడు వచ్చాడు. అతడు నఫ్తాలి గోత్రపు విధవరాలి కుమారుడని వాక్యము ప్రత్యేకముగా చెబుతోంది. చెల్లెమ్మా, ఈ మాట మీరు రెండుసార్లు చదువుకోండి. ఆ విధవరాలి కొడుకు ఏమి చేశాడు? పెద్ద నీటి తొట్టి క్రింద 12 ఇత్తడి ఎద్దులను నిలిపాడు. స్తంభముల మీది అల్లికలకు 400 దానిమ్మపండ్లను చేశాడు. పది స్తంభపీఠములు చేసి వాటి పలకల మీద సింహములను, ఎద్దులను, కెరూబులను చెక్కాడు. ఆ పీఠములకు రథచక్రముల వంటి చక్రములు, ఇరుసులు కూడా పోత పోశాడు. ఆ దానిమ్మపండ్లను ఎవరూ తినలేరు, ఆ ఎద్దులతో ఎవరూ దున్నలేరు. అయినా దేవుని మందిరములో వాటికి చోటు దొరికింది. అందము కొరకు, ఆనందము కొరకు చేసిన పని అంతా వ్యర్థమని మనము అనగలమా?

మరి విగ్రహము మాటేమిటి? మోషే అరణ్యములో ఇత్తడి సర్పమును చేసినది దేవుని ఆజ్ఞతోనే. దానిని చూచినవారు బ్రదికారు. కొన్ని వందల సంవత్సరముల తరువాత అదే సర్పమునకు జనులు ధూపము వేయసాగారు. అప్పుడు హిజ్కియా రాజు దానిని పగలగొట్టించాడు. రెండవ రాజులు 18వ అధ్యాయములో ఈ సంగతి ఉంది. లోహము అదే, రూపము అదే. మారినది మనుష్యుల హృదయము. కప్ప చేతికి గొడుగు ఇచ్చిన పిల్లవాడు దానికి మ్రొక్కడానికి చేయలేదు, పదిమంది నవ్వడానికి చేశాడు. కాబట్టి పొరుగువారు ఈ విషయములో ఆ తల్లిని నొప్పించవద్దని మనవి. అయితే బాబూ, నీకూ ఒక మాట. రాత్రి పన్నెండు దాటేవరకు షెడ్డులో ఉండి, మరునాడు షాపులో కునికిపాట్లు పడుతున్నావా? అమ్మతో మాట్లాడే సమయము తగ్గిందా? అలాగైతే సింహము ముందు ధూపము లేకపోయినా, ఆ సింహము నిన్ను కొంచెం మింగుతున్నట్టే.

రెండవ ప్రశ్న, తెలివి సంగతి. ఇలాంటి పని మన తెలుగువారికి కొత్త కాదు. తెనాలిలో కాటూరి వెంకటేశ్వరరావు, ఆయన కుమారుడు రవిచంద్ర పాత ఇనుప నట్లు, బోల్టులు, చెయిన్లతో మనిషిని మించిన ఎత్తు శిల్పములు చేసి పేరు పొందారు. హైదరాబాదులో కె. సుధాకర్ బడి చదువుల నాటి నుండే పాత ఇనుప సామానుతో బండ్లు తయారు చేయడం మొదలుపెట్టారు. జూ పార్కు దగ్గర బహదూర్‌పురాలో ఆయన పెట్టిన సుధా కార్ల మ్యూజియము 2010 నుండి ఉంది. అక్కడ వంకాయ ఆకారపు కారు, క్రికెట్ బంతి కారు, చెప్పు కారు, చేతిసంచి కారు, మంచము కారు ఉన్నాయి. అవి అలంకారానికి పెట్టిన బొమ్మలు కావు, ఇంజను ఉండి నడిచేవి. 2005లో ఆయన చేసిన మూడు చక్రముల సైకిలు ఎత్తు 41 అడుగుల 7 అంగుళాలు. దానికి గిన్నిస్ పుస్తకములో చోటు దొరికింది. మన తాటిచెట్లకు దీటైన ఎత్తు మీద కూర్చుని ఆయన హైదరాబాదులో దానిని తొక్కారు.

వంకాయ కారులో ఎవరూ అత్తగారింటికి ప్రయాణమై పోరు. అయినా బిడ్డలు దానిని చూసి నవ్వుతారు, ఇంజనీరింగు చదివేవారు నిలబడి ఆలోచిస్తారు. తుక్కు అని పారవేసినదానిలో రూపమును చూడగలగడం ఒక వరము. పనికిరాని వారమని లోకము పారవేసిన మనలను చేరదీసిన ప్రభువును ఎరిగినవారము మనము. ఆ వరమును మనము చులకన చేయరాదు. కాబట్టి చెల్లెమ్మా, అబ్బాయి పనిని మానిపించవద్దు. దానికి ఒక గట్టు కట్టండి, అంతే. గట్టు లేని చెరువులో నీరు నిలవదు గదా.

ఇక స్పోర్ట్స్ కారు. దీనిని గురించి కొంచెము వివరముగా రాయాలి. ఎందుకంటే యౌవనస్థులు సెల్లుఫోనులో ఆ కార్ల వేగమును చూస్తున్నారు గాని, అవి ఆగిపోయినప్పుడు ఏమి జరుగుతుందో చూడడం లేదు.

మామూలు కారు ఇంజను రోడ్డు మీద నిమిషానికి రెండు మూడు వేల చుట్లు తిరిగితే చాలు. స్పోర్ట్స్ కారు ఇంజనును ఎనిమిది, తొమ్మిది వేల చుట్ల వరకు తిప్పుతారు. చుట్లు పెరిగితే వేడి పెరుగుతుంది, అదురు పెరుగుతుంది. వేగము కోసము ప్రతి భాగమును పలుచగా, తేలికగా చేస్తారు. అందుచేత చిన్న లోపమును తట్టుకునే ఓపిక ఆ బండికి తక్కువ. ఇటలీవారి ఫెరారీ 458 అనే కారు ఉంది. దాని ఇంజను 9,000 చుట్ల వరకు పోతుంది. 2010లో ఆ కార్లు కొన్ని మంటలలో కాలిపోయాయి. వెనుక చక్రముల పైన వేడిని ఆపే రేకును అతికించడానికి వాడిన జిగురు వేడికి అంటుకుంటున్నదని తేలింది. కంపెనీ వెయ్యికి పైగా కార్లను వెనక్కి రప్పించి, జిగురు తీసివేసి, లోహపు బిగింపులు వేసి ఇచ్చింది. కోట్ల ఖరీదు చేసే బండిని కాల్చినది కొంచెం జిగురు! వెల్డరు బాబూ, బిగింపు విలువ నీకు వేరే చెప్పాలా?

ఫ్రాన్సు దేశములో ల మాన్ అనే ఊరిలో 1923 నుండి ఒక పందెము జరుగుతోంది. కారు పగలూ రాత్రీ 24 గంటలు పరుగెత్తాలి. డ్రైవర్లు మారుతారు గాని కారు మారదు. అక్కడ వేగముతో పాటు ఓర్పుకూ పరీక్ష. 2016 జూనులో టయోటా కంపెనీ వారి 5వ నంబరు కారు ఇరవై మూడు గంటలకు పైగా పోరాడి అందరికంటే ముందు నిలిచింది. ఇంక మూడు నిమిషాల పైచిలుకు మాత్రమే మిగిలింది. అప్పుడు శక్తి పడిపోయి, గమ్యపు గీత దగ్గరే ఆ కారు నిలిచిపోయింది. వెనుక వస్తున్న పోర్షే కారు దాటిపోయి గెలిచింది. చివరి చుట్టుకు నియమించిన సమయము కూడా మించిపోవడంతో టయోటా కారుకు రెండవ స్థానమైనా దక్కలేదు. విచారిస్తే తేలినది ఏమిటి? ఇంజనుకు గాలిని పంపే గొట్టము దగ్గర ఒక చిన్న జోడింపులో లోపము. పందెమును చూచినవారు ఆ డ్రైవరు కొరకు దుఃఖపడ్డారు. అయితే ఆ కంపెనీ వదిలిపెట్టలేదు. లోపములను దిద్దుకుని, 2018లో అదే పందెమును గెలిచింది. 2016లో ఆగిన కారులో ఉన్న కజుకి నకజిమా అనే డ్రైవరే ఈసారి గమ్యపు గీతను దాటాడు. విశ్వాస జీవితము కూడా ఇరవై నాలుగు గంటల పందెమే. అంతము వరకు సహించినవారికే రక్షణ అని ప్రభువు చెప్పిన మాట మనకు తెలుసు. నలభై ఏళ్ళు బాగా నడిచి, చివరి మూడు నిమిషాలలో ఒక చిన్న జోడింపు సడలి ఆగిపోయినవారిని మనము చూస్తూనే ఉన్నాము.

స్పోర్ట్స్ కార్లన్నీ మొరాయించేవే అని నా భావము కాదు. జపానువారి మాజ్డా కంపెనీ 1989లో ఎం.ఎక్స్.-5 అనే చిన్న రెండు సీట్ల కారు తెచ్చింది. దానికి పెద్ద ఇంజను లేదు, ఆర్భాటము లేదు. బరువు తక్కువ, నిర్మాణము సులువు, ఇంటి కార్లలో వాడే తరహా నాలుగు సిలిండర్ల ఇంజను. 2016 నాటికి అలాంటివి పది లక్షలు తయారయ్యాయి. నమ్మకమైన స్పోర్ట్స్ కారు అని దానికి పేరు. చేసినవారు తమ కొలతను తాము ఎరిగి చేశారు కాబట్టే ఆ పేరు వచ్చింది.

ఇప్పుడు బైబిలు కాలపు స్పోర్ట్స్ కార్లను చూద్దాము. ఆ కాలములో వేగానికి, గొప్పకు గుర్తు రథము. సొలొమోను కాలములో ఐగుప్తు రథము ఒకటి 600 తులముల వెండి. అబ్షాలోము తండ్రి మీద తిరుగబడక ముందు చేసిన మొదటి పని రథమును, గుఱ్ఱములను, ముందు పరుగెత్తే యాభై మందిని ఏర్పరచుకోవడం. సీసెరాకు 900 ఇనుప రథములు. అయితే కీషోను వాగు పొంగింది. తొమ్మిది వందల రథముల అధిపతి రథము దిగి కాలినడకను పారిపోయాడు! ఎఱ్ఱ సముద్రములో ఫరో రథములకు ఏమైంది? దేవుడు వాటి చక్రములు ఊడిపోయేలా చేశాడు, వారు బహు కష్టముగా తోలారు. ముందుకు పోవడానికి ఎంత వేగము ఉన్నా, చక్రము ఊడితే రథము బరువే గాని బలము కాదు.

మన పెద్దలకు ఈ సంగతి బాగా తెలుసు. ఎద్దుల బండి ఉన్న ప్రతి ఇంటిలో ప్రయాణానికి ముందు చేతితో తడిమి చూచేది కడసీలను. ఇరుసు కొనలో, చక్రము జారిపోకుండా దోపే చిన్న ఇనుప సీల అది. జానెడు కూడా ఉండదు. బండి నిండా వడ్ల బస్తాలు ఉన్నా, పెండ్లి వారు ఉన్నా వారి ప్రాణము దాని మీదే. చక్రానికి ఇనుప పట్టా ఎక్కించడం చూచినవారు ఇంకా కొందరు ఉన్నారు. పట్టాను మంటలో ఎర్రగా కాల్చి, పటకార్లతో ఎత్తి, కొయ్య చక్రానికి తొడిగి, నీళ్ళు పోసేవారు. చల్లారేకొద్దీ అది ముడుచుకుని చక్రమును బిగించి పట్టుకునేది. మేకు లేదు, జిగురు లేదు. ఏళ్ళ తరబడి రాళ్ళదారిలో నడిచేది. ఆ కమ్మరికి వేగము తెలియదు, నమ్మకము తెలుసు.

మన తీరపు జాలరి కూడా బోటు ఇంజను కొనేటప్పుడు అది ఎంత జోరుగా పోతుందని మాత్రమే అడగడు. “నడి సముద్రములో ఆపి, వల లాగి, మళ్ళీ తిప్పితే అందుకుంటుందా?” అని అడుగుతాడు. ఒడ్డున ఎదురుచూచే ఇల్లాలికి కావలసినది వేగము కాదు, ఇల్లు చేరే ఇంజను. మన భాషలో నమ్మకమైన బండి అంటాము, నమ్మకమైన దాసుడు అంటాము. రెండింటికీ ఒకే మాట. తలాంతుల ఉపమానములో యజమానుడు మెచ్చుకున్నది నమ్మకమైన దాసుని. అతడు ఎంత త్వరగా సంపాదించాడని అక్కడ లెక్క చూడలేదు.

కాబట్టి మూడవ ప్రశ్నకు జవాబు సూటిగా చెబుతున్నాను. చెల్లెమ్మా, కమ్మలు ఇవ్వవద్దు. అది మీకు మిగిలిన ఆసరా. గోపురము కట్టదలచినవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూచుకోవాలని ప్రభువు చెప్పాడు. ఇంజను ఒక్కటే ఖర్చు కాదు. గేరుబాక్సు, బ్రేకులు, స్టీరింగు, టైర్లు, వైరింగు అన్నీ వరుసగా వస్తాయి. సగములో ఆగిన కారు షెడ్డులో తుప్పు పడుతుంది, వడ్డీ మాత్రము ఆగదు.

ఇంకొక సంగతి. ఇంట్లో కట్టిన కారును రోడ్డు మీద నడపడానికి చట్టము ఒప్పుకోదు. మోటారు వాహనాల చట్టము 52వ సెక్షను ప్రకారము కంపెనీ చేసిన బండి నిర్మాణమును కూడా ఇష్టము వచ్చినట్లు మార్చకూడదు. 2019లో సుప్రీంకోర్టు దీనిని మరల గట్టిగా చెప్పింది. రిజిస్ట్రేషను లేని బండికి ఇన్సూరెన్సు ఉండదు. ఏ బిడ్డకైనా తగిలితే ఆ బాధ్యత జీవితాంతము మోయాలి. అధికారులకు లోబడమని రోమా పత్రిక 13వ అధ్యాయము చెప్పేది ఇలాంటి చోట్ల కూడా.

షెడ్డు పని విషయములో తల్లిదండ్రులు ఈ నాలుగు మాటలు గుర్తుంచుకోవాలి. ఒకటి, నల్లద్దము లేకుండా వెల్డింగు వెలుగును ఎవరూ చూడరాదు. రాత్రికి కళ్ళలో ఇసుక పోసినట్లు మండుతుంది. చూడవచ్చే పసిపిల్లలను దూరముగా ఉంచండి. రెండు, పెట్రోలు ట్యాంకును, మూత బిగిసిన డబ్బాను, పాత షాకబ్జార్బరును అతికించరాదు, కోయరాదు. ఖాళీ ట్యాంకులోని ఆవిరి కూడా పేలుతుంది. మూడు, జింకు పూత పూసిన పైపును మూసిన గదిలో వెల్డింగు చేస్తే ఆ పొగకు చలిజ్వరము వస్తుంది. నాలుగు, తడినేల మీద చెప్పులు లేకుండా హోల్డరు పట్టరాదు.

మరి అబ్బాయి కల మాటేమిటి? బాబూ, నీకు నేను ఒక పందెము పెడుతున్నాను. తెల్లవారుజామున బోట్లు వచ్చే సమయానికి మీ పాలెం ఒడ్డుకు వెళ్ళు. మన తల్లులు తడి చేపల గంపలు నెత్తిన పెట్టుకుని ఇసుకలో కాళ్ళు దిగబడుతూ రోడ్డు వరకు నడుస్తారు. వారి కొరకు ఒక తోపుడు బండి చెయ్యి. ఇసుకలో దిగబడకుండా చక్రములు వెడల్పుగా ఉండాలి. ఒక స్త్రీ ఒంటరిగా తోయగలిగేంత తేలికగా ఉండాలి. ఉప్పుగాలి మన దగ్గర ఇనుమును ఎలా తింటుందో నీకు తెలుసు. అతుకుల మీది చిట్టెమును సుత్తితో రాల్చి, బ్రష్షుతో శుభ్రము చేసి, రెడ్ ఆక్సైడు రెండుసార్లు పూసి, పైన రంగు వెయ్యి. చిట్టెము మీద రంగు వేస్తే తుప్పు అక్కడే మొదలవుతుంది. పిడికి చేప తల పెట్టుకో, ముందు భాగమున పీతను కూర్చోబెట్టు, నీ ఇష్టము. హీరాము కూడా చక్రముల పీఠముల మీద సింహములను చెక్కాడు గదా. పనికి వచ్చే వస్తువు నవ్వించకూడదని ఎక్కడా లేదు.

ఆ బండి ఒక సంవత్సరము, ఒక తుపానుల కాలము దాటనివ్వు. ఏ అతుకు విడిపోయింది, ఏ బేరింగు పట్టేసింది అని ఒక నోటుపుస్తకములో రాసుకో. అమ్మిన బొమ్మల డబ్బు వేరే డబ్బాలో దాచుకో. అప్పటికీ ఎర్ర కారు మీద మనసు ఉంటే, ఆ డబ్బుతోనే కొంచెము కొంచెముగా మొదలుపెట్టు. దానిని సొంత చేనిలో నడుపుకో, ప్రదర్శనలో పెట్టుకో. కొంచెములో నమ్మకముగా ఉన్నవానికే ఎక్కువ అప్పగించబడుతుందనేది దేవుని ఇంటి పద్ధతి.

సంఘ పెద్దలకు ఒక మనవి. ఇశ్రాయేలు దేశములో కమ్మరి ఒక్కడూ లేని రోజు వచ్చిందనీ, నాగటి కొర్రు పదును పెట్టించుకోవడానికి శత్రువుల దగ్గరకు వెళ్ళవలసి వచ్చిందనీ మొదటి సమూయేలు 13వ అధ్యాయములో చదువుతాము. పనివాడు లేని ఊరు ఎంత బలహీనమో గ్రహించండి. మీ సంఘములోని వెల్డరును, మెకానిక్కును, ఫిట్టరును పాటలు పాడేవారితో సమానముగా గౌరవించండి. మందిరపు గేటు విరిగినప్పుడు మాత్రమే వారిని తలచుకోకండి. ఆ తోపుడు బండికి కావలసిన ఇనుమును స్త్రీల సమాజమువారు, యౌవనస్థుల సమాజమువారు కలిసి కొనిస్తే, అది కూడా ప్రభువు పనే.

మన కుటుంబములలో ప్రతి చక్రమునకు కడసీల ఉండును గాక. ఆమేన్.